ఎర్రసిరా మాస్టారి గది

ఆ మేడమీది మూల గదికి మంచి పేరు లేదు.

చూడ్డానికి గదిలో ఏమీ ఉండదు. పదడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు. ఒకే కిటికీ, అదీ పక్కింటి గోడకి ఎదురుగా. అద్దెకొచ్చిన వాళ్లు మిగతా ఇల్లంతా నిండుగా సర్దుకునేవాళ్లు. ఆ గదిలో మాత్రం విరిగిన కుర్చీలూ, పాత పరుపులూ పడేసి గడియ పెట్టేవాళ్లు.

ఎందుకంటే — ఆ గదిలో ఒక మాస్టారు పోయాడు.

ఒంటరి మనిషి. పరీక్ష పేపర్లు దిద్దుతూ దిద్దుతూ, చేతిలో ఎర్రసిరా కలం అలాగే ఉండగా, బల్లమీద తల వాల్చేశాడట. కట్టలో ఇంకా సగం పేపర్లు మిగిలిపోయాయి.

ఆ తర్వాత అక్కడ కూర్చుని ఎవరేం రాసినా తెల్లారేసరికి దిద్ది ఉంటుందని చెప్పుకునేవాళ్లు. ఎవరో ఉద్యోగానికి అర్జీ రాసి పెట్టుకుంటే పొద్దున్నకల్లా రెండు మాటల చుట్టూ ఎర్రటి సున్నాలు… ఆయన ఆ వారమే ఇల్లు ఖాళీ చేశాడట.

అవి నేను చూడలేదు. విన్నవే. కానీ ఆ తర్వాత ఆ గదిలో జరిగింది మాత్రం, జరిగినవాడి నోటినుంచే విన్నాను. అతను నా తోడల్లుడు. మా ఆవిడ చెల్లెలి మొగుడు.

ఒకరోజు ఇద్దరం బండ్లు రిపేరుకిచ్చి షెడ్డు బయట బెంచీ మీద కూర్చున్నాం. ఊరికే ఉండలేక, "ఏమయ్యా డాక్టరూ, మీ ఇంట్లో దెయ్యం బాగుందా?" అన్నాను.

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"ఉంది అన్నయ్యా. ఎవరికీ చెప్పనంటే చెప్తాను" అన్నాడు. చెప్పినంతసేపూ తల ఎత్తలేదు. (ఎవరికీ చెప్పనన్నాను. కానీ ఇలాంటివి కడుపులో దాచుకుంటే నిద్ర పట్టదు. అందుకే ఎవరి అసలు పేర్లూ లేకుండా చెప్తున్నాను.)

అతనిది కంప్యూటర్లు బాగుచేసే పని. అందుకే అందరూ డాక్టరంటారు. ఆఫీసులకీ, బడులకీ, దుకాణాలకీ తిరుగుతాడు. ఏ ఫైలు ఎవరికి కనపడాలి, ఎవరికి కనపడకూడదు, చూడ్డానికి ఎవరికి అనుమతి, మార్చడానికి ఎవరికి అనుమతి — పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే పని.

ఆ ఇంట్లో దిగిన రోజే కింది వాటాలో ఉండే టైలరమ్మ మెట్ల దగ్గర ఆపి, గొంతు తగ్గించి చెప్పిందట.

"ఆ మూల గదిలో… ఏమీ రాయకు బాబూ."

"నేను రాయనండీ, టైపు చేస్తాను" అని నవ్వేసి, తన కంప్యూటరు తీసుకెళ్లి ఆ గదిలోనే పెట్టుకున్నాడు.

ఇంట్లో ఉండేది నలుగురు. అతను, మా మరదలు, ఎనిమిదేళ్ల కూతురు చిట్టి, అతని అక్క.

అక్క సంగతి చెప్పాలి. తల్లి పోయేనాటికి అతనికి ఆరేళ్లు, ఆవిడకి పద్దెనిమిది. అప్పట్నుంచీ తల్లయినా తండ్రయినా ఆవిడే. ఒక ప్రెస్సులో పనికి కుదిరి తమ్ముణ్ణి చదివించింది. పెళ్లి మాట ఎత్తితే "వీడు కాస్త ఎదగనీ" అనేది. వాడు ఎదిగాడు. ఆవిడ పెళ్లి అలాగే ఉండిపోయింది. ఆఖరికి ప్రెస్సు మూతపడింది. ఉంటున్న గది కూడా ఖాళీ చేయాల్సి వచ్చింది.

"నేనే వెళ్లి రమ్మన్నాను అన్నయ్యా. రానంటే చెయ్యి పట్టుకుని మరీ తీసుకొచ్చాను. ఒక సూట్‌కేసు, ఒక చిన్న రేడియో. అంతే తెచ్చుకుంది." బెంచీ అంచు గోటితో గీకాడు. "మూడు నెలలకే నాకు విసుగొచ్చింది."

పెద్ద కారణాలేం లేవు. తెల్లవారుజామున నాలుగున్నరకి రేడియో పెడుతుంది. రాత్రిళ్లు గోడ అవతలినుంచి ఒకటే దగ్గు. అతను కూర్చునే కుర్చీలోనే కూర్చుంటుంది. బయటికి బయల్దేరితే చాలు, "ఎప్పుడొస్తావు రా?" అని అడుగుతుంది, ఆరేళ్లవాణ్ణి అడిగినట్టు.

ఎవరితో చెప్పుకుంటాడు? పెంచిన మనిషి. అక్క ముందు అనలేడు. పెళ్లాంతో అందామంటే, మా మరదలికి ఆ వదినంటే ప్రాణం. అందుకని రాసుకోవడం మొదలుపెట్టాడు. అందరూ పడుకున్నాక, మూల గదిలో. ఫైలుకి ఒక పేరు కూడా పెట్టాడు — 'నా గోడు'.

మొదటి రాత్రి రాసింది రెండు ముక్కలే.

"అక్క రేడియో శబ్ధం భరించలేకపోతున్నాను. నాలుగున్నరకే మొదలు."

మర్నాడు రాత్రి తెరిచి చూస్తే… శబ్ధం లేదు. శబ్దం ఉంది.

ద రాయాల్సిన చోట ధ రాయడం అతనికి చిన్నప్పట్నుంచీ అలవాటు. మరి అది సరిగ్గా ఎలా ఉంది? తనే సరిగ్గా కొట్టి ఉంటాడనుకున్నాడు. ఆ రాత్రి ఇంకొంచెం రాశాడు. అందులో 'సంధర్భం' అన్న మాట ఒకటి.

మూడో రాత్రి తెరిచాడు.

సందర్భం.

చివర్లో తను మర్చిపోయిన చుక్క కూడా పెట్టి ఉంది.

లేచి తలుపు వెనక చూశాడు. కిటికీ గడియ చూశాడు. వేసినవి వేసినట్టే ఉన్నాయి. బల్ల కింద తన చెప్పులు తప్ప ఏమీ లేవు. టైలరమ్మ గొంతు చెవి పక్కనే వినపడ్డట్టయింది… ఆ గదిలో ఏమీ రాయకు బాబూ.

డాక్టరు కదా. రోగం కనిపెడదామనుకున్నాడు. వైరస్ ఏమన్నా ఉందేమోనని కంప్యూటరంతా గాలించాడు. లేదు. పాస్‌వర్డ్ మార్చాడు. ఎవరూ ఊహించలేనంత పొడుగుది పెట్టాడు. ఆ రాత్రి కావాలనే మూడు తప్పులు రాసి, కంప్యూటరు ఆపకుండా, గదికి బయట తాళం వేసి, తాళంచెవి తలగడ కింద పెట్టుకుని పడుకున్నాడు.

పొద్దున్నకల్లా మూడూ దిద్ది ఉన్నాయి.

అదే పొద్దున్న ఇంకోటి కూడా జరిగింది. అతనికి మెలకువ వచ్చేసరికి ఏడయింది. రేడియో మోగలేదు.

"రేడియో ఏమైందక్కా?"

"పాడైంది రా" అంది ఆవిడ, చిట్టికి జడ వేస్తూ.

"బాగుచేసి ఇస్తానని కూడా అనలేదు అన్నయ్యా. నేను చేసే పనే అది. స్క్రూడ్రైవరు జేబులోనే ఉంది."

ఆ తర్వాత దగ్గు గురించి రాశాడు. రెండు రోజులకల్లా గోడ అవతల దగ్గు ఆగిపోయింది. కుర్చీ గురించి రాశాడు. కుర్చీ ఖాళీ అయింది, అక్క గుమ్మం పక్కన పీట మీద కూర్చుంటోంది. "ఎప్పుడొస్తావు" గురించి రాశాడు. మర్నాడు బండి తీస్తుంటే అక్క నోరు తెరిచి… మూసుకుంది.

ఆ గదిలో రాసింది దిద్దడమే కాదు. రాసింది జరుగుతోంది.

భయం వేసిందా అని అడిగాను.

"వేసింది. కానీ సుఖంగా కూడా ఉంది. రాత్రి గదిలోకి అడుగుపెడితే ఒళ్లు జలదరించేది. పగలు ఇల్లు ప్రశాంతంగా ఉండేది. ఎవరికీ ఏమీ చెప్పకుండానే… అన్నీ జరిగిపోతున్నాయి. మాస్టారు నా పక్షాన ఉన్నాడనుకున్నాను." అని నేలకేసి చూస్తూ అన్నాడు.

ఒక రాత్రి ఫైలు చరిత్ర తెరిచి చూశాడట. ఏ ఫైలుని ఎవరు, ఎప్పుడు మార్చారో కంప్యూటరు రాసి పెట్టుకుంటుంది. అక్కడ ఇలా ఉంది —

'చివరిసారి మార్చింది: అతిథి. రాత్రి 1:40.'

అతిథి…

ఇంకెవరైనా అయితే గుండాగి చచ్చేవాళ్లు. అతనికి ఆ మాట అర్థం తెలుసు. పేరు నమోదు కాని ఏదో యంత్రం లోపలికి వచ్చి మార్చిందన్నమాట. ఇంకో రెండు నొక్కులు నొక్కితే అది ఏ యంత్రమో చెప్పేస్తుంది. ఊళ్లోవాళ్లందరికీ రోజూ అదే కనిపెట్టి పెడతాడు.

నొక్కలేదు. మూసేశాడు.

"నీకు తట్టలేదా?" అన్నాను.

"తట్టనివ్వలేదు అన్నయ్యా."

షెడ్డు లోపల ఎవరో ఇంజను పెద్దగా మోగించారు. అది ఆగాక అతనే మళ్లీ మొదలుపెట్టాడు.

తర్వాత ఒకరోజు, ఒక దుకాణదారుడి కంప్యూటరు ఇంటికి తెచ్చి, అందులో ఉన్నదంతా ఇంకోదానిలోకి ఎక్కిస్తున్నాడు. ఆరుగంటల పని. సాయంత్రం అక్క ఆ మూల గది ఊడుస్తూ, కాలికి అడ్డమొచ్చిన తీగ తీసి పక్కన పెట్టింది. ఎక్కినదంతా పోయింది. దుకాణదారుడు ఫోన్లో నోటికొచ్చినట్టు తిట్టాడు.

"నావల్లేనా రా?" అందట అక్క, చీపురు పట్టుకుని అలాగే నిలబడి.

"పర్లేదక్కా, మళ్లీ ఎక్కిస్తాలే" అని నవ్వాడు.

రాత్రి అందరూ పడుకున్నారు. మూల గదిలో కూర్చున్నాడు. పళ్లు కొరుకుతూ కొట్టాడు —

"ఇంకెన్నాళ్లిలా? అక్క ఎక్కడికైనా వెల్లిపోతే బాగుండు."

ఆ ముక్క సేవ్ చేశాడు. కుర్చీలో వెనక్కి వాలాడు.

ఫ్యాను తిరుగుతోంది. ఇల్లంతా నిశ్శబ్దం. ఒక నిమిషం… రెండు నిమిషాలు…

తెర మీద చిన్న పెట్టె ఒకటి తెరుచుకుంది.

'ఈ ఫైలు ఇప్పుడే మారింది. మార్పు చూపించమంటారా?'

ఇన్నాళ్లూ దిద్దిన తర్వాతే చూశాడు. దిద్దుతుండగా చూడటం అదే మొదలు. తను చెయ్యి కదపలేదు. గదిలో ఎవరూ లేరు. 'చూపించు' అని నొక్కాడు.

'వెల్లిపోతే' పోయి… 'వెళ్లిపోతే' ఉంది.

అంతే. ఒక్క అక్షరం. మిగతాది ఏదీ ముట్టుకోలేదు. ఇక బాగుంది, ఇలాగే కానీ అన్నట్టు.

అప్పుడు వెలిగింది అతని బుర్రలో. ఇక్కడ రాసింది జరుగుతుంది. రేడియో ఆగింది… దగ్గు ఆగింది… కుర్చీ ఖాళీ అయింది… మరి ఇది ఎలా జరుగుతుంది? అక్కకి వెళ్లడానికి ఈ భూమ్మీద ఇంకో చోటు లేదు. ఈ గదిలోనుంచి మాస్టారు వెళ్లిన దారి… ఒక్కటే ఉంది.

గబుక్కున ఆ వాక్యం చెరిపేయబోయాడు.

'మార్చే అనుమతి మీకు లేదు. ఈ ఫైలును మరొకరు వాడుతున్నారు.'

మళ్లీ నొక్కాడు. అదే. ఫైలు మొత్తం తీసేయబోయాడు. అదే. కంప్యూటరు యజమానిగా మళ్లీ లోపలికి వచ్చి ప్రయత్నించాడు.

'మీకు అనుమతి లేదు.'

రోజూ ఊళ్లోవాళ్ల కంప్యూటర్లలో చూసి నవ్వుకునే మాట అది. తన ఫైలు, తన కంప్యూటరు, తన ఇల్లు. తను రాసిన మాటని తను వెనక్కి తీసుకోవడానికి లేదు!

కుర్చీ తన్నేసుకుని పరిగెత్తాడు.

అక్క గది హాలుకి ఆ చివర. ఆ పది అడుగులూ చెవులు రిక్కించే వెళ్లాడట — ఒక్క దగ్గు వినపడుతుందేమోనని. ఒక్కసారి దగ్గు అక్కా… ఒక్కసారి…

చప్పుడు లేదు. చప్పుడు వద్దని రాసింది తనే.

తలుపు కింద నీలంగా, పల్చగా వెలుగు. తోశాడు.

అక్క మంచం మీద గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. తల వాలిపోయి ఉంది. మొహమ్మీద ఆ నీలం వెలుగు. కదలడం లేదు.

"అక్కా…"

పలకలేదు.

దగ్గరికి వెళ్లి భుజం మీద చెయ్యి వేశాడు.

ఆవిడ ఉలిక్కిపడి తలెత్తింది. కళ్లజోడు ముక్కు చివరికి జారింది. ఒళ్లో ఉన్నది దుప్పటి మీద పడింది. మూల పగిలిన పాత ట్యాబ్ అది. దాని మీద పెద్ద పెద్ద అక్షరాల్లో — 'నా గోడు.'

"అరవకురా" అంది గుసగుసగా. "చిట్టి లేస్తుంది."

"అక్కా… ఇది… నీ దగ్గరికెలా…"

"మరదలు ఇచ్చిందిగా. చిట్టి ఫోటోలు చూసుకో వదినా అని."

అప్పుడు గుర్తొచ్చింది. ఇంట్లో దిగిన కొత్తలో, చిట్టి ఫోటోలు ట్యాబ్‌లో కనపడేలా చేయమని మా మరదలు అడిగింది. ఫైళ్లు పంచుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి ఎక్కించాడు. ట్యాబ్ ఎంతకీ 'అనుమతి లేదు' అనే అంటోంది. ఫోటోల ఫోల్డరుకి ఒక్క టిక్కు పెడితే సరిపోయేది. అది ఎక్కడుందో వెతికే ఓపిక లేకపోయింది. రోజంతా పక్కవాళ్లవి బాగుచేసి వచ్చాడు, ఆకలి మీద ఉన్నాడు. డిస్కు మొత్తం ఎంచి, 'అందరికీ' అని పెట్టి, 'చూడొచ్చు, మార్చొచ్చు' అని రెండూ నొక్కేశాడు. పని అయింది. తర్వాత సరిచేద్దామనుకుని మర్చిపోయాడు. వేరేవాళ్లింట్లో ఎవరైనా అలా చేసి ఉంటే చీవాట్లు పెట్టేవాడు.

ఎన్ని పాస్‌వర్డులు మార్చి ఏం లాభం? ఆ దారికి పాస్‌వర్డే లేదు.

"చిట్టి టైపు చేయడం నేర్పింది" అంటోంది అక్క. "తప్పులు కనపడితే చెయ్యి ఊరుకోదురా. ముప్పై ఏళ్లు ప్రూఫులు దిద్దిన చెయ్యి. నిన్ను అడక్కుండా దిద్దాను… ఏమీ అనుకోకు."

ఆవిడ క్షమించమంటోంది. అతన్ని!

అతను మంచం పక్కన నేల మీద కూలబడ్డాడు. అక్కడ కనపడింది… మంచం కిందినుంచి సగం బయటికి లాగి, సర్ది, పట్టీ బిగించిన సూట్‌కేసు.

"ఇవన్నీ చదివి కూడా… నన్నొక్క మాట అడగలేదేంటక్కా? తిట్టలేదేంటి?"

అక్కకి ఆ ప్రశ్న అర్థం కాలేదు. కళ్లజోడు సర్దుకుని అతన్ని వింతగా చూసింది.

"తిట్టడమేంట్రా? నువ్వు నాకు రాసినవేగా ఇవి?"

"నీకా…"

"రోజూ రాత్రి టింగుమని మోగుతుంది. పైన నీ పేరు. పేరు కింద 'మీతో పంచుకున్నారు' అని. ఇదిగో, చూడు." వేలితో చూపించింది. "మొహమ్మీద అనలేక ఇలా పంపిస్తున్నాడనుకున్నాను. చిన్నప్పట్నుంచీ నీకు మొహమాటమేగా. ఒక్కోటీ వచ్చినప్పుడల్లా సరిచేసుకుంటూనే ఉన్నాను రా. రేడియో లోపల పెట్టేశాను. దగ్గొస్తే డాబా మీదికి వెళ్లేదాన్ని. ఇదొక్కటే… ఎక్కడికెళ్లాలో వెంటనే తోచక…"

దుప్పటి అంచు సర్దుకుంది.

"ప్రెస్సులో నాతో పనిచేసినావిడ ఒకతి ఉంది. పొద్దున్నే ఆవిడింటికి వెళ్తాను. నువ్వు పడుకో. రేపు మళ్లీ ఆ దుకాణం వాడి పని ఉందన్నావుగా."

తోడల్లుడు అంతవరకు చెప్పి, రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. షెడ్డులో కుర్రాళ్లు చూస్తున్నారు. పట్టించుకోలేదు.

"దెయ్యమే అయ్యుంటే ఎంత బాగుండేది అన్నయ్యా" అన్నాడు.

ఆ రాత్రి అతని ఏడుపుకి మా మరదలు లేచి వచ్చింది. ట్యాబ్ తీసి మొదటినుంచి చివరిదాకా చదివింది. సూట్‌కేసు పట్టీ విప్పి, వదిన చీరలు ఒక్కొక్కటే తీసి మళ్లీ బీరువాలో పెట్టింది. మొగుడితో మూడు రోజులు మాట్లాడలేదు. అక్క ఎక్కడికీ వెళ్లలేదు. మా మరదలు వెళ్లనివ్వలేదు.

తెల్లారాక అతను మూల గదిలోకి వెళ్లి ఆ సాఫ్ట్‌వేర్ తెరిచాడు. వెనకాల అడుగుల చప్పుడు. అక్క వచ్చి కుర్చీ వెనక నిలబడింది. చిన్నప్పుడు అతను హోంవర్కు చేసుకుంటుంటే నిలబడేదట అలా.

అనుమతుల జాబితాలో ఒకే ఒక్క యంత్రం ఉంది. నొక్కితే అడిగింది — 'ఈ అతిథిని తొలగించమంటారా?'

అది అక్క కూడా చదివింది.

'వద్దు' అని నొక్కాడు. ఇంట్లో దిగిన కొత్తలో చేయాల్సిన పని ఇప్పుడు చేశాడు. ఫోటోల ఫోల్డరు వెతికి, దానికి మాత్రం టిక్కు పెట్టి, మిగతా డిస్కంతా మూసేశాడు. నిండా రెండు నిమిషాలు కూడా పట్టలేదట.

"అయిపోయిందక్కా. ఇక నీకు ఫోటోలు మాత్రమే కనపడతాయి."

"నువ్వు రాసేవి కనపడవా?"

"కనపడవు."

ఆవిడ ఆ తెరమీదికి వంగి చూసింది. ఎత్తిపొడుపు ఏమీ లేదట ఆ గొంతులో. నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

"మరి ఇకనుంచి నాకేమైనా చెప్పాలంటే… ఎలా చెప్తావురా?"